బొంతలవ్వ మిద్దె మీద డ్రిల్లు

రోహిణి కార్తెలో ఒక పొద్దున, కోయిలకుంట్లలో, మేము ఒక ముసలామె మిద్దె ఎక్కి గంతులేశాం. మేమంటే పడుచు పిల్లలం కాము. మోకాళ్లరిగిన వాళ్లం, షుగర్ మాత్రలు మింగేవాళ్లం, మనవళ్లను బడికి తోలే వయసు వాళ్లం. చీరలు ఎగదోపుకొని, కాళ్లకు బూట్లు తొడుక్కొని, రిటైరైన డ్రిల్లు సారు ఈల ఊదుతుంటే ఎగిరాం. కింద సందులో జనం నిలబడి నోళ్లు తెరుచుకొని చూశారు. వాళ్లకు తెలియనిదేమంటే, ఆ గంతుల మీద ఒక మనిషి కూడు ఆధారపడి ఉంది.

నాకు సంతకం వరకే చేతనవును. అందుకని చెప్పి రాయిస్తున్నాను. నా మాట మోటుగా ఉంటుంది, సర్దుకోండి.

నాకు షుగర్ వచ్చిందని తేలిన రోజు డాక్టరమ్మ, "నడవాలమ్మా" అంది. నా జన్మంతా నడకే. చేనికి నడిచాను, నీళ్లకు నడిచాను, నా మొగుడు తాగి ఏ అరుగు మీద పడి ఉన్నాడో వెతుక్కుంటూ ఊరంతా నడిచాను. అవేవీ లెక్కలోకి రావట. పని లేకుండా ఊరికే నడవాలట. పని లేకుండా నడవడానికి మా ఊళ్లో ఒక చోటు కూడా ఉందని అప్పుడే తెలిసింది. హైస్కూలు గ్రౌండు.

పొద్దున్నే అక్కడ మొగాళ్లు ఒక గుంపు, ఆడవాళ్లం ఒక గుంపు. మొగాళ్లు ఎలక్షన్ల మాటలు మాట్లాడుకుంటూ నడుస్తారు. నోరు నడిచినంత జోరుగా కాళ్లు నడవవు. మాకు డ్రిల్లు సారు. ఆయనది ఆదోని పక్క. ఉద్యోగమంతా పిల్లకాయలను ఎండలో నిలబెట్టి ఈల ఊదిన మనిషి. రిటైరయ్యాక కూడా మెడలో ఈల తీయలేదు. ఊదడానికి ఎవరో ఒకరు కావాలి గదా, మేము దొరికాం.

మొగాళ్ల గుంపులో ఎరువుల అంగడాయన ఒకడుండేవాడు. పొద్దున్నే ముండమోసిన మొహం ఎదురైతే ఆరోజు బేరం జరగదని ఆయన నమ్మకం. నేను ఇటు నుంచి వస్తుంటే ఆయన అటు తిరిగేవాడు. అటు నుంచి పోతే ఇటు తిరిగేవాడు. గుండ్రంగా తిరిగే చోట ఒక మనిషిని తప్పించుకోవడం ఎంత అవస్థో చూడండి. నా పుణ్యాన మా అందరికంటే ఎక్కువ నడిచింది ఆయనే. ఆయన భార్య మా గుంపులోనే ఉండేది. "మా ఆయనకు షుగర్ శానా తగ్గిందక్కా" అని ఆమె మురిసిపోతే, "అట్లయితే నాకొక చీర పెట్టమ్మే, ఆ మందు నేనే గదా" అన్నాను. మంచి మనిషి, పగలబడి నవ్వింది.

సారుకు నవ్వుల ఎక్సర్‌సైజు అని ఇంకొక పిచ్చి ఉండేది. చేతులు పైకెత్తి హహహా అనాలి. అందరూ అనేవాళ్లు. నాకు వచ్చేది కాదు.

"నవ్వమ్మా, నీకేం కష్టం?" అనేవాడు సారు.

"ఏం జూసి నవ్వాల సారూ? ఊరికే నవ్వితే తిక్కదంటారు, నిన్ను జూసి నవ్వితే బాగుండదు."

ఆ గ్రౌండు గోడ వెనక సందులోనే బొంతలవ్వ ఇల్లు. పాత చీరలు, పంచెలు ఇస్తే పొరలు పొరలుగా పరిచి, సన్నగా దారం పోసి బొంత కుడుతుంది. ఆమె కుట్టిన బొంత కప్పుకున్నవాడికి అంగట్లో కొన్న దుప్పటి ఎక్కదు. ఒంటరి మనిషి. ఆ సూదే ఆమెకు కూడు పెట్టేది. నా మొగుడు పోయాక ఆయన పంచెలన్నీ మూటగట్టి ఆమెకే ఇచ్చాను. బతికుండగా ఒక్క రాత్రి నన్ను సుఖంగా పండుకోనివ్వని మనిషి, బొంత అయ్యాక వెచ్చగా, మర్యాదగా, కిక్కురుమనకుండా నా మీద పండుకుంటున్నాడు.

అయితే ఆ అవ్వ ఇల్లు మట్టి మిద్దె. మట్టి మిద్దెకు వానలు రాకముందే కొత్త చవుడు మట్టి తోలి, పరిచి, తొక్కి అణచాలి. లేకపోతే కారుతుంది. ఊరంతా స్లాబులు పడ్డాక చవుడు వేసే పనికి మనుషులు దొరకడం మానేశారు. కిందటేడు వానకు అవ్వ ఇల్లు జల్లెడైంది. ఆ బురద నీళ్లు దిగి, కుట్టి పెట్టిన బొంతలన్నీ పసుపు మరకలైపోయాయి. ఎంత ఉతికినా పోలేదు. గుడ్డలిచ్చిన వాళ్లు వచ్చి నానా మాటలన్నారు. చచ్చిపోయిన తల్లి చీరలిచ్చినామె ఒకతె ఏడ్చిపోయింది. దాంతో బేరాలు పడిపోయాయి. ఈ ఏడు ఏదో కొంతమంది మాత్రం, "మిద్దె కారదు గదా అవ్వా?" అని అడిగి మరీ మూటలిచ్చారు.

"కారితే నా నెత్తిన కారతాది, నీకేమ్మే నొప్పి?" అని అరిచేది అవ్వ. కానీ ఆ మూటలు విప్పేది కాదు. దూలానికి కట్టి వేలాడదీసి, కింద కూర్చొని పైకి చూసేది. ఇంకొక్క వాన కారిందంటే ఊళ్లో ఎవరూ ఆమెకు చింపిగుడ్డ కూడా ఇవ్వరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు సారు మమ్మల్ని ఉత్త చేతులు పైకెత్తి దించమంటున్నాడు. ఎత్తు, దించు. ఎత్తు, దించు. నాకు ఒళ్లు మండింది.

"సారూ, ఈ ఎత్తేదేదో ఒక గంప మట్టన్నా ఎత్తితే ఆ గోడెనక ముసల్ది బతుకుతాది. గాలిని ఎంతసేపు మోయిస్తావు మాతో?"

ఎగతాళికే అన్నాను. ఆ మనిషి ఈల నోట్లోంచి తీసి గోడ వైపు చూశాడు. "మంచి మాట చెప్పినావమ్మా. ఆదివారం అదే చేద్దాం" అన్నాడు.

అంతే, గుంపులో గగ్గోలు లేచింది. అందరిలోకి గట్టిగా లేచింది పెద్దింటామె నోరు. వాళ్లకు కుందూ ఒడ్డున భూములున్నాయి. నాకు వరసకు వదిన అవుతుంది, మంచి నీళ్లు కూడా ఒకరు అందిస్తే తాగే మనిషి.

"కూలికి పోయేటోళ్లమా మనం? గంప నెత్తిన బెట్టుకోని సందులో పోతే మా ఇంటాయన తలెత్తుకోని తిరగాలనా, వద్దనా?"

"గంప ఉండేది నీ తల మీద గదా వదినా. ఆయన తలకేం బరువు?"

"నువ్వు నోరు ముయ్యి. నీకు అలవాటైన పని, నువ్వు చేస్తావు."

సారు మధ్యలో దూరాడు. "అమ్మా, ఇది పని గాదు. వెయిట్ ట్రైనింగు. కర్నూల్లో జిమ్ములకు దుడ్లు కట్టి మరీ బరువులెత్తుతాండారు. మనకు ఉత్తపుణ్యానికి వస్తాంది."

పెద్దింటామె ఆలోచించింది. "వెయిట్ ట్రైనింగా? ఆ మాట ముందే చెప్పొచ్చు గదా. కానీ బూట్లు మాత్రం నేను ఇడవను. సూసేటోళ్లకు తెలియాల, ఎక్సర్‌సైజని."

అదే గంప, అదే మట్టి, అదే నెత్తి. ఉత్త కాళ్లతో మోస్తే కూలిది, బూట్లేసుకొని మోస్తే ఆరోగ్యం. ఇన్నేళ్లు నేను ఎన్ని గంపలు బూట్లు లేకుండా వృథా చేశానో!

అవ్వను ఒప్పించడం ఇంకొక యుద్ధం. ఆమె గడప మీద కూర్చొని సూదిలో దారం ఎక్కిస్తోంది. మేమంతా పోయి నిలబడ్డాం.

"ఎవరడిగినార్మే మిమ్మల్ని?" అంది తలెత్తకుండా.

"ఎవరూ అడగలేదవ్వా. మాకు ఒంట్లో సక్కెర ఎక్కువైంది, కరగాల. నీ మిద్దె ఇస్తే ఆడ ఎగిరి కరిగించుకుంటాం" అన్నాను.

"నా మిద్దె మీద మీ సక్కెర కరగదీస్తారా? ఇల్లంతా సీమలు పడ్తాయి, పోండి."

కానీ లేచి పోయి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది. ఆమె సరే అనడం అంటే అదే.

ఎరువుల అంగడాయన ట్రాక్టరుతో చవుడు వచ్చింది. ఆయన మనసు కరిగి పంపలేదు, పెళ్లాం పంపమంటే పంపాడు. ఆదివారం పొద్దున సందులో మట్టి కుప్ప, గోడకు నిచ్చెన, మెట్టుకొకరం నిలబడి గంప చేతి నుంచి చేతికి ఎక్కించాం. ముందు మిద్దె మీద మొలిచిన కసువు పీకాం, ఎలుక బొక్కలు పూడ్చాం. సారు ఊదితే గంప పైకి, ఊదితే ఖాళీ గంప కిందికి. బూట్లలో మట్టి, రైకల్లో మట్టి, నోట్లో మట్టి. పెద్దింటామె మొదటి గంపను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. తర్వాత్తర్వాత, "బిరీన అందియ్యండే, నిద్రబోతాండారా?" అని మా మీదే అరిచింది. సందులో పోయే వాళ్లందరికీ ఎవరూ అడగకపోయినా, "వెయిట్ ట్రైనింగప్పా, వెయిట్ ట్రైనింగు" అని చెప్పుకుంది.

చిక్కెక్కడొచ్చిందంటే, మాలో ప్రతి ఒక్కతె మట్టి మిద్దె కింద పుట్టినదే. ప్రతి ఒక్కతెకూ వాళ్ల ఊరి పద్ధతే పద్ధతి. ఒకతె బూడిద కలపాలంటుంది. ఇంకొకతె ఉప్పు చల్లాలంటుంది. వేంపల్లె నుంచి వచ్చిన కోడలు ఒకామె, "మా తట్టు ముందు ఏపాకు పరుస్తారు" అని పట్టుబట్టింది. ఈ గొడవలో ఒకరు అడగవలసిన మాట అడిగారు: "గవాచి యాడుండాది?"

మట్టి మిద్దెకు వెలుతురు కోసం, పొగ పోవడం కోసం ఒక కంత వదులుతారు. దాన్నే గవాచి అంటాం. చుట్టూ రాళ్లతో గట్టు ఉంటుంది, వానకు పైన ఏదో ఒకటి మూస్తారు. అవ్వ మిద్దెకు ఆ గట్టు ఎప్పుడో కూలిపోయింది. కిందటేడు కారుతుంటే ఆమె దాని మీద పాత రేకు కప్పి మట్టి పోసేసింది. పైన చూస్తే ఏమీ కనబడదు. కింద అవ్వ ఉంది, ఒక్క కేకేస్తే చెబుతుంది. మేము కేకెయ్యలేదు. మాకన్నీ తెలుసు గదా!

"నడింట్లో ఉంటాది" అంది పెద్దింటామె.

"కాదు, తలవాకిట్లో" అంది ఇంకొకతె.

"మా ఊర్లో అయితే దేవుని మూలకు" అన్నాను నేను.

ఎవరి పుట్టింటి గవాచిని వాళ్లు అవ్వ మిద్దె మీద పెట్టారు. ఆ మూడు చోట్లూ కాలితో తట్టి చూశాం, గట్టిగానే ఉంది. అట్లయితే గవాచి లేని ఇల్లని తీర్మానం చేసుకొని, మట్టంతా పరిచి, నీళ్లు చల్లి, తొక్కడానికి నిలబడ్డాం.

"అవ్వా, దూలాలు తట్టుకుంటాయా?" అని సారు కిందికి వంగి అడిగాడు.

"నల్లతుమ్మ దూలాలు! మీరెంత లావోళ్లెక్కినా ఏం గావు" అని లోపల్నుంచి జవాబు.

సారు ఈల ఊదాడు. నిలబడిన చోటే పరుగు, తర్వాత గంతులు. మట్టి ధప్ ధప్ అని అణుగుతోంది. నిజం చెప్పాలంటే బాగుంది. గాలికి చేతులూపిన అన్ని రోజుల్లో ఒక్కరోజు కూడా నాకు అంత హాయిగా లేదు. సారుకు కూడా హుషారొచ్చింది. "నన్ను చూడండమ్మా, మోకాలు ఇంత పైకి రావాల" అని ఎగిరి దూకాడు. దూకిన కాలు మళ్లీ పైకి రాలేదు. రేకు విరిగిన చప్పుడు, సారు తొడ దాకా మిద్దెలోకి దిగిపోయాడు. వంటింటి గవాచి అది.

కింది నుంచి అవ్వ కేక. "ఎవుర్దిరా ఈ కాలు?"

"నాదే అవ్వా" అన్నాడు సారు, నీరసంగా.

"నీదైతే నీ ఇంట్లో పెట్టుకో! నా పొయ్యి మీద ఏలాడదీస్తావేంది?"

ఆరోజు నవ్వుల ఎక్సర్‌సైజు ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చింది. పెద్దింటామె మట్టిలో కూలబడి కడుపు పట్టుకుంది. నాకు కళ్లల్లో నీళ్లు.

"సూడు సారూ, ఇప్పుడు నవ్వొస్తాంది నాకు" అన్నాను.

"నవ్వింది చాలమ్మా, పైకి లాగండి ముందు."

లాగాం. మోకాలు చెక్కుకుపోయింది, బూటు కింద పొయ్యిలో పడింది. నవ్వుకుంటూ నిచ్చెన దిగి లోపలికి పోయాక మా నవ్వు ఆగిపోయింది. వంటింట్లో గంపంత కంత. రేకు రెండు ముక్కలు, కంత పక్కనుండే కట్టె విరిగి వేలాడుతోంది. మేము పరిచిన కొత్త చవుడు పొయ్యి నిండా పడి ఉంది. పైకి చూస్తే ఆకాశం, ఆ ఆకాశంలో తెల్ల మబ్బులు కాదు, నల్లవి.

అవ్వ తిట్టలేదు. దానికే మాకు భయం వేసింది.

"పోయిన యాడు కారింది. ఈ యాడు కూలింది" అంది. అని, ముక్కాలి పీట ఎక్కి దూలానికి కట్టిన మూటలు ఒక్కొక్కటీ దించడం మొదలుపెట్టింది. "ఎవుర్ది వాళ్లకిచ్చేస్తా. మల్లా ఒక తల్లి చీర నా చేతిలో పాడుగావద్దు."

"ఒక్కరోజు ఆగవ్వా" అన్నాను.

"ఆగితే వాన ఆగతాదా?"

ఆమె చేతిలో మూట నేను పట్టుకున్నాను. ఆమె లాగింది, నేను లాగాను. అప్పుడు పెద్దింటామె మట్టి మొహంతోనే, "మా పెరట్లో బట్టలుతికే నాపబండ ఉండాది. ఈ కంతకు సరిపోతాది. రేపు పొద్దున్నే తెచ్చి పరుస్తాం. అంతవరకు మూటలు దించితే నామీద ఒట్టు" అంది. మంచినీళ్లు అందిస్తే గాని తాగని మనిషి తన ఇంటి బండ పీకి ఇస్తానంటే అవ్వ కూడా తెల్లబోయి చూసింది. మూటను పీట మీద పెట్టింది. మళ్లీ పైకి కట్టలేదు, పంచిపెట్టనూ లేదు.

ఆ బండను మేము ఆడవాళ్లం కదిలించలేకపోయాం. మొగాళ్లు కావాలి. మర్నాడు పొద్దున్నే గ్రౌండుకు పోయి ఎరువుల అంగడాయనకు ఎదురుగా నడిచాను. ఆయన వెనక్కి తిరిగాడు. నేను గ్రౌండు నడుమ నుంచి అడ్డం పోయి మళ్లీ ఎదురొచ్చాను. ఆయన మళ్లీ తిరిగాడు.

"ఏమప్పా, ఎంతసేపు ఉరుకుతావు? బండ మోయాల, రా."

"నన్నెందుకమ్మా..." అని నేలను చూస్తూ గొణిగాడు.

ఆయన భార్య దూరం నుంచి అరిచింది. "పో, పోయి మోయి! ఇంటికొస్తే కాఫీ లేదు."

సందు ఇరుకు. బండకు నలుగురం, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. ముందున్న వాళ్లు వెనక్కి నడవాలి. ఆయనకు ముందు మూల పడింది, నాకు వెనక మూల. పెద్దింటి పెరటి నుంచి అవ్వ ఇంటి దాకా, బండ చేతుల్లో పెట్టుకొని, ఆయన నా మొహమే చూస్తూ నడిచాడు. చేతులు వదిలితే ఆయన కాలి మీదే పడుతుంది మరి. నేనూ ఆయన మొహమే చూశాను. చెమటకు ఆయన నామం కారి ముక్కు మీదికి వచ్చింది. పాపం ఊరికే భయపడే మనిషేగాని చెడ్డవాడు కాడు. ఆరోజు అంగట్లో బేరం జరిగిందో లేదో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మోకులు కట్టి బండను పైకి లాగాం. సారు కుంటుతూనే ఈల ఊదాడు. విరిగిన కట్టె చోట కొత్త కట్టె వేసి, బండ పరిచి, అంచుల వెంట చవుడు ముద్ద మెత్తాం. ఈసారి ఎవరూ వాళ్ల ఊరి సంగతి ఎత్తలేదు. అవ్వ కింద నిలబడి ఎట్లా చెబితే అట్లా చేశాం.

"ఆ మూల ఎలుతురు కనపడతాంది, మెత్తండి. ఇటు పక్క. ఆ లావామె కాలి కింద."

వాన మృగశిరలో, మధ్యాహ్నం పూట వచ్చింది. ముందు దుమ్ము లేచింది, తర్వాత చినుకులు, తర్వాత కుండపోత. నేను అన్నం తింటున్న చెయ్యి కడగకుండానే లేచి ఉరికాను. అవ్వ ఇంటికి పోయేసరికి పెద్దింటామె గడపలో ఉంది, తడిసి ముద్దయి, కాళ్లకు చెప్పులు కూడా లేవు. వెనకే సారు కుంటుతూ వచ్చాడు. అంగడాయన భార్య వచ్చింది. ఎవరూ ఎవరికీ ఫోను చేయలేదు.

లోపల అవ్వ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. మూటలు ఒళ్లో పెట్టుకొని, వాటి మీద చేతులు పెట్టుకొని. మేము పైకి చూస్తూ నిలబడ్డాం. మిద్దె మీద వాన దబదబ కొడుతోంది. బయట మిద్దె దోనె నుంచి నీళ్లు సందులో ధారగా పడుతున్నాయి. బండ అంచున ఒకచోట కొంచెం నల్లగా కనబడింది. అది తడో, పాత పొగ మరకో అర్థం కాలేదు. సారు పీట ఎక్కి వేలితో తాకి చూశాడు. వేలు నాకు చూపించాడు. మసి.

అయినా మేము కదల్లేదు. వాన ఇంకా గట్టిగా పడింది. మెడలు పట్టేశాయి.

"ఇది మెడకు మంచి ఎక్సర్‌సైజమ్మా" అన్నాడు సారు గుసగుసగా.

అవ్వ లేచింది. వంటింట్లో, సరిగ్గా ఆ బండ కింద, నేల మీద అరచేయి పెట్టి చూసింది. ఆ చేయిని చీరకు తుడుచుకోలేదు, తుడుచుకునేందుకు ఏమీ లేదు. ఒక మూట తెచ్చి ముడి విప్పింది. ఎవరిదో పాత నేతచీర, అంచు చిలకపచ్చ. దాన్ని ఆ బండ కిందే, మా కాళ్ల ముందే, నాలుగు మూలలా లాగి పరిచింది. దాని మీద ఇంకొకటి పరిచింది. చతికిలబడి సూది తీసింది. దారం ఎక్కించబోయి, కళ్లు చికిలించి మా వైపు చూసింది.

"తెరుచుకున్న గవాచిని మల్లా మూస్తిరి. ఇంక వాకిలొక్కటే నాకు ఎలుతురు. దానికి అడ్డం దున్నపోతుల్లెక్క నిలబడుకోనుండారు. జరగండి, పోండి మీ ఇండ్లకు!"

వానలోకే పోయాం, అందరం.